అవ్వ లెక్కలో మన వలస

ఉగాది అనగానే మనకు మొదట జ్ఞాపకం వచ్చేది వేపపూత పచ్చడి. ఆ తరువాత పంచాంగ శ్రవణం. ప్రభవ మొదలు అక్షయ వరకు గల అరువది సంవత్సరాల పేర్లను మనం పంచాంగాలకూ పెండ్లి పత్రికలకూ వదలిపెట్టి, అంకెల లెక్కతో రోజులు గడుపుకొంటున్నాము. కాని ఆ పేర్లతోనే తమ బ్రదుకంతా లెక్కపెట్టుకొన్నవారు మన ఇళ్ళలో నిన్నమొన్నటి దాకా ఉండినారు. వారిలో ఒకరు మా అవ్వ. మా వైపు నాయన తల్లినీ అవ్వ అనే అంటారు, అమ్మ తల్లినీ అవ్వ అనే అంటారు. ఈమె మా నాయన తల్లి.

అవ్వ పుట్టినది సౌమ్య. అంటే 1909-10. నెల తెలియదు, తిథి తెలియదు. సజ్జ కోత దినాలని మాత్రం వాళ్ళ అమ్మ చెప్పినదట. కాళయుక్తిలో విషజ్వరం వచ్చి ఇంట ఇద్దరు పోయినారు. అది 1918, లోకమంతటా ఇన్‌ఫ్లూయెంజా ప్రబలిన సంవత్సరము. దుందుభిలో పెండ్లి, ప్రభవలో మా నాయన పుట్టుక, తారణలో మా తాత పోవుట. చదువు రాని ఆమె ఈ లెక్కలో ఏనాడూ తడబడలేదు. పక్క ఇంటి తమిళులకూ సంవత్సరాల పేర్లు ఇవే. మనకు ఉగాదితో పేరు మారితే, వారికి చిత్తిరై మొదటి తేదీతో మారుతుంది. ఆ కొద్ది దినాల ఎడం తప్ప, తెలుగింటి ముసలమ్మకూ తమిళింటి ముసలమ్మకూ కాలం ఒక్కటే. అందుచేత వాళ్ళిద్దరూ బావిగట్టున కూర్చుండి ఎవరి బిడ్డ ఎవరి బిడ్డకంటె పెద్దయో నిముషంలో తేల్చేవారు.

ఊరు కోవిలుపట్టికి ఉత్తరాన, సాత్తూరు దారికి కొంత ఎడంగా ఉన్నది. కరిసల్‌కాడు అని తమిళులు పిలిచే నల్లరేగడి సీమ అది. వేసవిలో నేల బీటలు వారి, ఆ బీటలలో మూరెడు కర్ర దిగిపోతుంది. వాన పడితే చెప్పులకు అంటుకొన్న మన్ను మనిషిని నడవనీయదు. అర్పిశి, కార్తిక మాసాల వానలను నమ్మి పత్తి, సజ్జ, జొన్న చల్లుకోవలె. పత్తి పగిలేది మాసి దాటిన తరువాత. కనుక మా ఊళ్ళో ఉగాది ఎప్పుడూ పత్తి ఏరే దినాలలోనే వచ్చేది. ఇతర ప్రాంతాలవారు పండుగనాడు తలంటుకొని తీరికగా కూర్చుండేవారేమో గాని, మా ఆడవాళ్ళు తెల్లవారకముందే తలకు పోసుకొని, పచ్చడి నాలుకకు రాసుకొని, ఒడి కట్టుకొని చేనికి పోయేవారు. కూలి డబ్బుగా కాదు, ఏరిన పత్తిలోనే ఒక పాలు. ఆ పాలులో పిడికెడు పత్తి పిల్లలకు ఇస్తే, అంగడిలో దానికి వేరుసెనగ ఉండలు దొరికేవి. పత్తిగింజలు నానబెట్టి రుబ్బి, పాలు పిండి, బెల్లం వేసి కాచిన పత్తిపాలు ఆ నాటి విందు. వరి అన్నం దీపావళికీ సంక్రాంతికీ మాత్రమే. మిగిలిన దినాలు సజ్జ సంకటి, మరునాటికి దాని అంబలి. అవ్వ చేతులలో తిరగలి పిడి కాయలు చివరి దాకా పోలేదు.

ఆమె పుట్టకముందు జరిగినవి కూడా ఆమె లెక్కలో ఉండేవి. వాటిలో మొదటిది ధాత కరవు. ధాత అంటే 1876-77. మదరాసు రాజధాని అంతటా లక్షలాది జనం మడిసిన ఆ కరవును తమిళులు కూడా సంవత్సరం పేరుతోనే తాతు వరుషపు పంజం అంటారు. అవ్వకు ఆ కథ తన అత్తగారు చెప్పినది. ఎనుములను అమ్ముకొన్నది, కాచుకొని కూర్చుండి చీమల పుట్టలు త్రవ్వి గింజలు ఏరుకొన్నది, ఇద్దరు మేనమామలు తూత్తుకుడి దాకా నడిచి అక్కడినుంచి కొళుంబు కాఫీ తోటలకు ఓడ ఎక్కినది, మరల రానిది. మదురనుండి తూత్తుకుడికి రైలు పడినది సరిగా 1876లోనే. ఆ కరవులో జనం రైలు పట్టాల పక్కనే నడిచిపోయినారు, టిక్కెట్టుకు డబ్బు లేక. ఈ మాట పుస్తకంలో చదివినది కాదు, అవ్వ చెప్పినదే. కాని ఎవరైనా పుస్తకంలో వ్రాయదగిన మాట.

ఇక అసలు కథ. మనం ఇక్కడికి ఎట్లు వచ్చినాము?

అవ్వ చెప్పిన తీరు ఇది. "మనం ఈడోళ్ళం కాదురా. ఆడనుంచి వచ్చినోళ్ళం." ఆడ అంటే ఎక్కడ? ఉత్తరాన, ఒక పెద్ద ఏటికి అవతల. అక్కడ ఒక తెలుగు పిల్ల చాలా అందగత్తె. ఒక తురకరాజు ఆమెను పెండ్లాడతానని కబురు పంపినాడు. కాదంటే ఊరు మిగలదు, ఔనంటే కులం మిగలదు. పెద్దలు రాత్రికి రాత్రి గొడ్లను, బిడ్డలను, విత్తనాల మూటలను తీసుకొని బయలుదేరినారు. వెనుక గుర్రాల చప్పుడు, ముందు ఏరు పొంగి పారుతున్నది. అప్పుడు గట్టుమీది కానుగ చెట్టు వంగి అవతలి గట్టును తాకినది. అందరూ దానిమీద దాటినారు. కడపటివాడు దాటగానే చెట్టు లేచి నిలిచినది. "ఆ చెట్టు మనకు తల్లి, దాన్ని కొట్టరాదు." మా ఊళ్ళో తెలుగువారి ఇళ్ళలో పెండ్లి పందిరికి కానుగ కొమ్మ కట్టనిదే ముహూర్తం లేదు.

ఈ కథ మా అవ్వ సొంతము కాదు. కరిసల్ సీమలోని పెక్కు తెలుగు కులాలలో కొద్ది మార్పులతో ఇదే చెప్పుకొంటారు. ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి సంతరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో తొట్టియర్లను గురించి వ్రాసిన చోట ఈ కానుగ చెట్ల కథ ఉన్నది. రెండు గట్లమీది చెట్లూ వంగి వంతెన అయినవని అందులో చెప్పినారు. తొట్టియర్లంటే మనం రాజకంబళమువారని పిలిచేవారే. ఆ ఏడు సంపుటాలు మదరాసులో అచ్చయిన సంవత్సరం 1909. అవ్వ లెక్కలో సౌమ్య! దొరల పుస్తకానికి ఈ కథ ఎక్కిన ఏడే, దానిని మరొక డెబ్బదియేండ్లు నోట మోయవలసిన మనిషి ఒక మట్టి ఇంటిలో పుట్టినది.

కథలో నిజమెంత అని అడుగుట చదువుకొన్నవారి హక్కు. చరిత్ర చెప్పేది మరొక విధంగా ఉన్నది. ఒక రాత్రి, ఒక గుంపు, ఒక ఏరు దాటుటతో ముగిసిన వలస కాదు మనది. 1371 ప్రాంతాన విజయనగర యువరాజు కుమార కంపన మదుర సుల్తానులపై దండెత్తి వచ్చినాడు. ఆ దండయాత్రను అతని రాణి గంగాదేవి సంస్కృతంలో మధురావిజయమను కావ్యంగా వ్రాసినది. ఆ సేనల వెంట వచ్చినవారు కొందరు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురకు పాలకుడయినాడు. అతని కాలంలో దేశాన్ని డెబ్బది రెండు పాళెములుగా ఏర్పాటు చేసినారని ప్రసిద్ధి. ఆ పాళెగాండ్రలో అనేకులు తెలుగువారు. వారి వెంట బంట్లు, బంట్ల వెంట కాపులు, కాపుల వెంట కమ్మరులు, వడ్డెలు, తోలుపని వారు. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత ఇంకొందరు. ఇట్లు నాలుగు వందల ఏండ్లలో, అల వెంట అలగా వచ్చినారు.

ఎందుకు ఈ నల్లనేలకే వచ్చినారన్న ప్రశ్నకు జవాబు కత్తిలో లేదు, నాగలిలో ఉన్నది. తామ్రపర్ణి ఒడ్డున వరి పండే మాగాణి అంతా అప్పటికే వేరొకరి చేతిలో ఉన్నది. వాననే నమ్ముకొనే రేగడిని దున్నే నేర్పు వలస వచ్చిన వడుగులకు ఉన్నది. తిరునెల్వేలి రైతుల చరిత్రను వ్రాసిన డేవిడ్ లడ్డెన్ 1985లో వెలువరించిన గ్రంథంలో ఈ సంగతిని విపులంగా చర్చించినాడు. వడుగులంటే ఉత్తరాదివారు, అంటే మనమే. నా మటుకు నాకు ఇది కానుగ చెట్టు వంగిన కథకంటె తక్కువ అద్భుతంగా తోచదు. అవ్వ కథలో బిడ్డలతోబాటు విత్తనాల మూటలు ఎందుకు వచ్చినవో చూడండి. పారిపోయేవాడు నగలు పట్టుకొంటాడు గాని విత్తనాలు పట్టుకొంటాడా? ఆ ఒక్క మాటలో అసలు చరిత్ర కథలోకి జారి కూర్చున్నది.

తురకరాజు సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. ఏ రాజు, ఏ ఊరు అని కథ చెప్పదు. అందగత్తె, అడిగిన రాజు, రాత్రి పలాయనం, ఈ మూడూ గల కథలు మన దేశంలో ఎన్నో కులాలకు ఉన్నవి. కొన్నిటిలో ఆ రాజు తురకవాడు కాడు, స్వజాతివాడే. అవ్వ ఆ రాజును సంతకు గాజులు, అత్తరు తెచ్చే రావుత్తరుతో ఏనాడూ ముడిపెట్టలేదు. ఆయన వస్తే అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది, బేరంలో మాత్రం అణా వదిలేది కాదు. కథను కథగా ఉంచుట ఆమెకు తెలుసును.

అవ్వకు ఇష్టమైన మరొక కథ మంగమ్మది. మదుర నాయక రాజ్యాన్ని 1689 మొదలు 1706 వరకు ఏలిన రాణి మంగమ్మను మనవారిలో ఎరుగనివారు లేరు. బాటలు వేయించినది, చెట్లు నాటించినది, సత్రాలు కట్టించినది. మదుర రైలు స్టేషనుకు ఎదురుగా ఆమె పేర సత్రం నేటికీ ఉన్నది. అయితే చరిత్ర పాఠాలలో కొంచెం మరుగున పడే సంగతి ఒకటి ఉన్నది: మంగమ్మ తన కొరకు ఏలలేదు. కొడుకు మశూచితో చనిపోయినాడు, కోడలు కూడా పురిటి తరువాత పోయినది. చంటి మనుమడు విజయరంగ చొక్కనాథుని ఒడిలో పెట్టుకొని, వాడు పెరిగేదాకా రాజ్యాన్ని కాపాడిన అవ్వ ఆమె. తంజావూరివారితో, తిరువాన్కూరువారితో, మైసూరువారితో ఆమె నెగ్గుకొని వచ్చినది. దిల్లీ పాదుషా పేరు చెప్పి అడిగినవారికి కప్పము కట్టి రాజ్యాన్ని నిలుపుకొన్నది. చివరకు మనుమడు పెద్దవాడయిన దినాలలో ఆమెను చెరలో పెట్టి, అన్నం కనపడేటట్లు ఉంచి అందకుండా చేసి చంపినారని జనం చెప్పుకొంటారు. ఇది ఎంతవరకు నిజమో గాని, మా అవ్వ ఈ ఘట్టం చెప్పేటప్పుడు మనుమలమైన మా వైపు చూచే చూపును మేము తప్పించుకొనేవాళ్ళము. కోవిలుపట్టి పొలిమేరలలో పాత బాట ఏది కనపడినా ఆమెకు అది మంగమ్మ బాటే.

కట్టబొమ్మన విషయంలో మాత్రం అవ్వ నిష్పక్షపాతి కాదు. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారులో ఇంగ్లీషువారు ఉరితీసినారు. కయత్తారు మాకు దక్షిణాన, బండి కట్టుకొని పోయి రాగల దూరమే. అప్పుడు ఇంగ్లీషువారి పక్షాన నిలిచిన ఎట్టయపురమువారిని అవ్వ తిట్టని తిట్టు లేదు. రెండిళ్ళవారిదీ తెలుగే. ఈ సంగతి ఎత్తి చూపితే ఆమెకు కోపం వచ్చేది. అయినా ఎట్టయపురానికి దక్కవలసిన మంచి మాట ఒకటి ఉన్నది, అది నేను చెప్పుతాను. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినది అక్కడే. ఆ వంశపు సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథాన్ని 1904లో అచ్చువేసినది అక్కడినుండే, తెలుగు లిపిలోనే. మా ఊరినుండి ఎట్టయపురం ఒక పూట ప్రయాణం. అంత దగ్గరలో తెలుగు అక్షరాలు అచ్చవుతున్న దినాలలోనే మా అవ్వ పుట్టి, ఒక్క తెలుగు అక్షరం చూడకుండ పెరిగినది. ఆస్థానంలో తెలుగు లిపి ఉండినది, పత్తిచేనిలో తెలుగు మాట ఉండినది, రెండూ కలుసుకోలేదు.

ఇక్కడ మరొక మాట. మన సంచికలలో నాయకరాజులు, పాళెగాండ్రు, మహా అయితే కాపులు కనపడుతారు. మా ఊరి మెట్ట బావులనుండి నీరు తోడినది కపిల బాన. ఆ తోలు బాన కుట్టినవారు అరుంధతీయులు. వారిలో పెక్కుమంది ఇళ్ళలో తెలుగే మాట్లాడుతారు. వారూ మనతోపాటే అదే ఏరు దాటి వచ్చినారు. బాన లేక బావి లేదు, బావి లేక వేసవిలో పైరు లేదు. వారి వాడలోని ముసలమ్మ ఒకతె మా అవ్వ ఈడుదే. వాకిలి ఇవతల నిలబడి మాట్లాడవలసిన కాలంలో కూడా ఆ ఇద్దరూ సంవత్సరాల పేర్లు సరిచూచుకొనేవారు. ధాత కరవులో ఎవరింట ఎందరు పోయిరో ఆమె లెక్క మా అవ్వ లెక్కకంటె పెద్దది. ఆమె చెప్పే కథలో కూడా కానుగ చెట్టు వంగినది. కాని అందరూ దాటిన తరువాత కడపటివాడు ఎవరో మా అవ్వ కథలో లేదు, ఆమె కథలో ఉన్నది.

ఈ నోటి చరిత్రను కాగితంమీదికి తెచ్చినవాడు మనవాడే గాని, తెచ్చినది తెలుగులో కాదు. కోవిలుపట్టి దగ్గరి ఇడైచేవల్ గ్రామంలో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, వ్రాత భాష తమిళం. 1976లో వెలువడిన ఆయన నవల గోపల్ల గ్రామంలో 137 ఏండ్ల ముదుసలి మంగత్తాయారు తన వారు ఉత్తరదేశంనుండి ఎట్లు పారిపోయి వచ్చినారో కూర్చుండి చెప్పుతుంది. దాని తరువాయిగా వ్రాసిన గోపల్లపురత్తు మక్కళ్ అనే నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది. 2021లో పుదుచ్చేరిలో ఆయన గతించినప్పుడు తమిళులు తమ ఇంటి పెద్దను పోగొట్టుకొన్నట్లు దుఃఖించినారు. మన అవ్వ తమిళ సాహిత్యంలో అంత పెద్ద పీటమీద కూర్చున్నందుకు నాకు సంతోషమే. నవల వచ్చిన కొత్తలో మా పినతండ్రి దానిని అవ్వకు చదివి వినిపించినాడు. ఆమె అంతా విని, "వీడికి ఎవరు చెప్పినారు?" అని మాత్రం అడిగినది.

1969లో సౌమ్య మరల వచ్చినది. తాను పుట్టిన సంవత్సరం తిరిగి రావడం చూచుట అందరికీ పట్టే భాగ్యం కాదని, ఆ ఉగాదినాడు అవ్వ తన ఒడిలో పత్తి ఏరి ఆ పాలుతో ఇంటిల్లిపాదికీ పత్తిపాలు కాచినది. అప్పటికి ఆమె కొడుకులలో ఇద్దరు కోయముత్తూరు మిల్లులలో ఉండినారు, ఒకరు శివకాశి అగ్గిపెట్టెల వ్యాపారంలో దిగినారు. ఇంట తెలుగు మాట్లాడే కోడండ్రు, తమిళం చదివే పిల్లలు. ఊరి బడిలో తెలుగు ఏనాడూ లేదు. 2011 జనాభా లెక్కలలో తమిళనాట నూటికి దాదాపు ఆరుగురు తెలుగును తల్లిభాషగా వ్రాయించినారు. వ్రాయించుకొన్నవారు అందరు, వారిలో వ్రాయగలవారు ఎందరో ఏ లెక్కా చెప్పదు. 2006లో బడులలో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినప్పుడు హోసూరు ప్రాంతపు తెలుగు బడులవారు ఆందోళనపడినారు. మాకు ఆ బాధ కూడా తెలియలేదు, పోగొట్టుకొనేందుకు బడియే లేదు గనుక. మా తెలుగు బడిలో పుట్టినది కాదు, అవ్వలనుండి కోడండ్రకూ కోడండ్రనుండి పిల్లలకూ వంటింటిలో అందినది. కోడండ్రు ఉద్యోగాలకు పోవలసిన దినాలు వచ్చినవి. అది మంచికే వచ్చినవి. కాని వంటింట మాటకు తీరిక తగ్గినది.

అవ్వ 1987లో పోయినది. ప్రభవ. అరువదింటిలో మొదటిది. మా నాయన పుట్టిన సంవత్సరం కూడ అదే కనుక, ఆయనకు షష్టిపూర్తి జరుగవలసిన ఏట తల్లి కర్మలు జరిగినవి.

మా మనుమరాలు ఇప్పుడు చెన్నపట్నంలో కాలేజీలో చదువుతున్నది. నిరుడు సెలవులలో మా చెల్లెలి దగ్గర కూర్చుండి, అవ్వ వాడిన మాటలన్నీ చెప్పించుకొని ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్నది. ఎనుము, తావు, సద్ది, ఒడి, ఇట్లు మూడు వందలకు పైగా ఉన్నవి. వ్రాసినది తమిళ లిపిలో. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకు ఒకటే. ప, బ లకు ఒకటే. తిరిగి చదువబోతే బావి పావి అయినది, గంప కంప అయినది. ఒక పుటలో ఒక మాట దగ్గర ఆగి, "తాతా, ఇది కాదె యా?" అని అడిగినది. గాదె అని చెప్పినాను. అంటే ఏమి అన్నది. వెదురు తడికలు అల్లి, పేడతో అలికి, సజ్జలు పోసుకొనేది అని చేతులు చాపి చూపినాను. మన ఇంటిలో ఎక్కడ ఉండినదో చూస్తానంటే ఊరికి తీసుకొని పోయినాను. గాదె ఉండిన తావులో ఇప్పుడు మోటారుసైకిలు నిలుపుతున్నారు.